పేరు వేరు, పట్టు వేరు: సీ ప్రోగ్రాముల్లో ఫైల్ పాత్‌లు, డిస్క్రిప్టర్లు

సీ భాషలో ఫైలు తెరవడం ఒక్క లైను పని. రాసినవాళ్ళ మెషీన్ మీద ఆ లైను ఎప్పుడూ బాగానే నడుస్తుంది. ఆపరేటింగ్ సిస్టమ్ మారినా, ఫోల్డరు పేరు తెలుగులో ఉన్నా, ప్రోగ్రాము నెలల తరబడి ఆగకుండా నడవాల్సి వచ్చినా అందులోని లోపాలు ఒక్కొక్కటే బయటపడతాయి.

ఒక ఉదాహరణ పెట్టుకుందాం. నెల్లూరు జిల్లా మైపాడు దగ్గర రొయ్యల గుంట గట్టు మీద, 32 బిట్ ఆర్మ్ ప్రాసెసర్‌తో నడిచే చిన్న లినక్స్ బోర్డు ఉందనుకోండి. ఐదు నిమిషాలకోసారి నీళ్ళలో కరిగిన ఆక్సిజన్, పీహెచ్, ఉష్ణోగ్రత కొలిచి మెమరీ కార్డులో రాస్తుంది. ఊరి పేరుతో ఫోల్డరు, గుంట నంబరుతో ఫైలు. ఆ ఫైళ్ళను నెల్లూరు ఆఫీసులో విండోస్ ల్యాప్‌టాప్ మీద చదువుతారు. ఒంగోలులో ఇంజినీరింగ్ చదివే పిల్లలు అదే కోడును మ్యాక్ మీద కంపైల్ చేసి మార్పులు చేస్తుంటారు. తెల్లవారుజామున ఆక్సిజన్ బాగా పడిపోయే వేళకు లాగ్ రాయడం ఆగిపోయిందంటే, నీళ్ళలో గాలి కలిపే ఏరేటర్లు ఎప్పుడు వెయ్యాలో చెప్పే దిక్కుండదు. అందుకే ఇలాంటి కోడు మూడు సిస్టమ్‌ల మీదా ఒకేలా నడవాలి.

చిక్కుముడి మొత్తం ఒక తేడా దగ్గర మొదలవుతుంది. పాత్ అనేది ఫైలు ఎక్కడుందో చెప్పే పేరు. డిస్క్రిప్టర్ అనేది ఫైలు తెరిచాక సిస్టమ్ చేతికిచ్చే అంకె, అంటే పట్టు. మనిషిని అడ్రసు అడుగుతూ వెతుక్కోవడానికీ, దొరికాక చెయ్యి పట్టుకుని నడవడానికీ ఉన్నంత తేడా ఉంది రెంటికీ. పాత్ ఇచ్చిన ప్రతిసారీ కెర్నల్, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ, మొదటి నుంచి వెతుకుతుంది. నిన్న ఆ పేరుతో దొరికిన ఫైలే ఇవాళ దొరకాలన్న హామీ లేదు. డిస్క్రిప్టర్ చేతికి వచ్చాక మాత్రం ఆ ఫైలు పేరు మార్చినా, యూనిక్స్ తరహా సిస్టమ్‌లలో అయితే దాన్ని డిలీట్ చేసినా, మీరు పట్టుకున్నది అదే ఫైలు. కాబట్టి పాత్‌తో పని ఒక్కసారి, ఒక్కచోట ముగించి, మిగతాదంతా డిస్క్రిప్టర్‌తో నడిపించాలి. కింద చెప్పేవన్నీ ఈ మాట చుట్టూ తిరిగేవే.

పాత్ అంటే బైట్లు, అక్షరాలు కావు

లినక్స్ కెర్నల్ దృష్టిలో ఫైలు పేరు బైట్ల వరస, అంతే. అందులో రాకూడనివి రెండే: / గుర్తు, సున్నా బైటు. మిగతాది యూటీఎఫ్-8 (యూనికోడ్ అక్షరాలను బైట్లుగా రాసే పద్ధతి) అయినా కాకపోయినా సాధారణంగా దానికి పట్టదు. విండోస్ ఫైల్ సిస్టమ్ ఎన్‌టీఎఫ్ఎస్‌లో పేరు 16 బిట్ల యూనిట్ల వరస. ఈ ఒక్క తేడా తెలుగు పేర్ల దగ్గర చాలా పని పెడుతుంది.

తెలుగు హల్లులకు, అచ్చులకు, గుణింతపు గుర్తులకు, పొల్లుకు యూనికోడ్‌లో విడివిడిగా కోడ్‌లు ఉంటాయి. ఆ కోడ్ ఒక్కొక్కటి యూటీఎఫ్-8లో 3 బైట్లు. "నెల్లూరు" అన్న మాటలో కంటికి మూడు అక్షరాలే ఉన్నా కోడ్‌లు 8, బైట్లు 24. "ర్తి" లాంటి ఒక్క అక్షరానికే నాలుగు కోడ్‌లు, 12 బైట్లు పడతాయి. లినక్స్‌లో వాడే ఎక్స్‌టీ4 లాంటి ఫైల్ సిస్టమ్‌లలో ఒక పేరు 255 బైట్లు దాటకూడదు, అంటే 85 తెలుగు కోడ్‌లు. ఎన్‌టీఎఫ్ఎస్‌లో హద్దు 255 యూనిట్లు, అక్కడ తెలుగు కోడ్‌కు ఒక్క యూనిట్ చాలు. ఫలితం ఏమిటంటే, ఆఫీసు ల్యాప్‌టాప్‌లో ఎవరో 100 కోడ్‌ల తెలుగు పేరుతో భేషుగ్గా సేవ్ చేసిన ఫైలు బోర్డు మీదకు కాపీ కాదు. ఈనేమ్‌టూలాంగ్ అన్న ఎర్రర్ వస్తుంది, చూసినవాళ్ళకు పేరు అంత పొడుగ్గా కనిపించదు.

ఇంతకన్నా సూక్ష్మమైనది మైపాడు పేరులోనే ఉంది. యూనికోడ్‌లో ఐత్వానికి ఒక కోడ్ ఉంది. అదే ఐత్వాన్ని ఎత్వం, దాని పక్కన ఐత్వపు పొడవు గుర్తు అని రెండు కోడ్‌లుగా కూడా రాయవచ్చు. రెండూ సమానమేనని యూనికోడ్ చెబుతుంది, తెర మీద రెండూ "మైపాడు"గానే కనిపిస్తాయి. బైట్లు చూస్తే మొదటిది 18, రెండోది 21. మ్యాక్‌లలో 2017లో ఏపీఎఫ్ఎస్ రాకముందు వాడిన హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్ ఫైల్ సిస్టమ్ పేర్లను విడదీసి దాచేది. అలాంటి డిస్క్ నుంచి జిప్ చేసి తెచ్చిన ఫోల్డరును బోర్డు మీద విప్పితే ఒకే పేరుతో రెండు మైపాడు ఫోల్డర్లు పక్కపక్కన కనిపిస్తాయి. ప్రోగ్రాము ఒకదాంట్లో రాస్తుంది, మనిషి రెండోదాంట్లో వెతుకుతాడు. పదాల మధ్య కంటికి కనపడని జీరో విడ్త్ నాన్ జాయినర్ కూడా ఇదే రకం తంటా తెస్తుంది. అది కూడా 3 బైట్లే, కొన్ని కీబోర్డులు పొల్లు తర్వాత దాన్ని వాటంతటవే పెట్టేస్తాయి.

దీనికి మందు ఏమిటి? తెరిచే ముందు పేరును "సరిచెయ్యడం" మాత్రం కాదు. డైరెక్టరీ చదివితే ఏ బైట్లు వచ్చాయో అవే బైట్లతో తెరవాలి. పేర్లను మీ ప్రోగ్రామే కొత్తగా పుట్టిస్తుంటే, పుట్టించేచోట కలిపి రాసే రూపానికి మార్చి వదలాలి. రెండు పేర్లు ఒకటేనా అని మనిషికి చూపించాల్సి వచ్చినప్పుడు నార్మలైజ్ చేసిన, అంటే ఒకే రూపానికి తెచ్చిన, నకళ్ళను పోల్చాలి, అసలు పేరు ముట్టుకోకూడదు. నన్నడిగితే ఇంకా తేలిక దారి ఒకటుంది: ప్రోగ్రాము తనంతట తాను పెట్టే పేర్లు అంకెలు, చిన్న ఇంగ్లిషు అక్షరాలతో ఉంచి, తెలుగు ఊరి పేరును ఫైలు లోపల మొదటి వరసలో రాయడం. అయినా వాడేవాళ్ళు ఇచ్చిన పాత్‌లో తెలుగు రాకుండా ఆపలేం, ఆపకూడదు కూడా. మన ఊరి పేరు మన లిపిలో రాసుకుంటే ప్రోగ్రాము విరిగిపోవడం ప్రోగ్రాము తప్పు.

విండోస్ వైపు చిక్కు వేరు. అక్కడ ఎఫ్‌ఓపెన్‌కు ఇచ్చిన మామూలు చార్ స్ట్రింగును సిస్టమ్ కోడ్ పేజీ (ఏ బైటు ఏ అక్షరమో చెప్పే పట్టిక) ప్రకారం అర్థం చేసుకుంటారు. తెలుగుకు అలాంటి పాతకాలపు ఆన్సీ కోడ్ పేజీ లేదు, అది యూనికోడ్ మాత్రమే ఉన్న భాష. కాబట్టి మెయిన్ ఫంక్షన్‌కు వచ్చే ఆర్గ్యుమెంట్లలోనే మైపాడు కాస్తా ప్రశ్నార్థకాల వరసగా మారి వస్తుంది. ప్రశ్నార్థకం విండోస్ ఫైలు పేర్లలో నిషిద్ధం గనక ఓపెన్ విఫలమవుతుంది. నమ్మకమైన పద్ధతి ఇది: ప్రోగ్రాము లోపల అంతటా యూటీఎఫ్-8 వాడండి. విండోస్‌లో సరిహద్దు దగ్గర మాత్రం మల్టీబైట్‌టువైడ్‌చార్ ఫంక్షన్‌తో వైడ్ రూపానికి మార్చి, వైడ్ ఓపెన్‌ను పిలవండి. ఆర్గ్యుమెంట్లను వైడ్ మెయిన్ నుంచి తీసుకోండి. విండోస్ 10 వెర్షన్ 1903 నుంచి మ్యానిఫెస్ట్ ఫైలులో యాక్టివ్ కోడ్ పేజీని యూటీఎఫ్-8గా ప్రకటించే వీలుంది. పాత మెషీన్లు లేవని ఖాయంగా తెలిస్తే అదే సుఖం.

గీతలు, చుక్కలు, కోలన్

చాలామంది విండోస్ కోసం వెనక్కి వాలిన గీతలు పెట్టి వేరే కోడు రాస్తారు. అక్కర్లేదు. విండోస్ ఏపీఐలు / గుర్తును ఒప్పుకుంటాయి. \\?\ అన్న ముందుమాటతో మొదలయ్యే పొడుగు పాత్‌లలో మాత్రమే ఆ మార్పిడి జరగదు. కోడు లోపల / వాడి, అలాంటి పాత్ కట్టేటప్పుడు ఒక్కచోట మార్చుకుంటే సరిపోతుంది. యూటీఎఫ్-8లో ఒక మంచి గుణం ఉంది: బహుబైట్ల అక్షరంలోని ఏ బైటూ 128 కంటే తక్కువ ఉండదు. కాబట్టి తెలుగు పేరు మధ్యలో / బైటు పొరపాటున దొరికే ప్రమాదం లేదు, బైట్ల మీదే నిశ్చింతగా వెతకవచ్చు.

సంపూర్ణ పాత్ అవునో కాదో చెప్పడం మొదటి అక్షరం చూసి తేల్చే పని కాదు. విండోస్‌లో సీ డ్రైవ్ అక్షరం, కోలన్, ఆ వెంటనే ఫైలు పేరు వస్తే అది డ్రైవ్ మూలం నుంచి కాదు, ఆ డ్రైవ్‌లో ప్రస్తుతం ఉన్న ఫోల్డరు నుంచి. ఒక్క గీతతో మొదలైతే ప్రస్తుత డ్రైవ్ మూలం. రెండు గీతలైతే నెట్‌వర్క్ సర్వరు. యూనిక్స్ తరహా సిస్టమ్‌ల ప్రమాణమైన పాజిక్స్‌లోనూ మొదట్లో సరిగ్గా రెండు గీతలుంటే దాని అర్థం ఆయా సిస్టమ్ ఇష్టం. అందుకే గీతలు ఎక్కువయ్యాయని మొదట్లోవి కుదించే కోడు రాయకండి.

కోలన్ గురించి వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే లాగ్ ఫైలు పేరులో టైము పెట్టడం అందరూ చేసే పని. "గుంట3 10:30.లాగ్" అన్న పేరు లినక్స్‌లో నిక్షేపంలా పనిచేస్తుంది. విండోస్‌లో ఎన్‌టీఎఫ్ఎస్ మీద అదే పేరుతో తెరిస్తే ఓపెన్ విజయవంతం అవుతుంది, రైట్ కూడా అవుతుంది. ఫోల్డరులో చూస్తే "గుంట3 10" అన్న ఫైలు, సైజు సున్నా. రాసిన డేటా అంతా "30.లాగ్" అన్న ఆల్టర్నేట్ డేటా స్ట్రీమ్‌లోకి, అంటే అదే ఫైలుకు అంటుకున్న పక్క అరలోకి, పోయింది, ఫైల్ ఎక్స్‌ప్లోరర్ దాన్ని చూపించదు. ఆ ఫైలును ఎక్స్‌ఫ్యాట్ పెన్‌డ్రైవ్ మీదకు కాపీ చేస్తే స్ట్రీమ్ రాదు, డేటా పోయినట్టే. ఎర్రర్ రాకుండా డేటా మాయమయ్యే సందర్భాలలో ఇది ఒకటి. టైమును 10-30 అనో 1030 అనో రాయండి.

విండోస్‌లో పేరు చివరి చుక్క, ఖాళీ మామూలుగా రాలిపోతాయి. సీఓఎన్, ఎన్‌యూఎల్, ఏయూఎక్స్, పీఆర్ఎన్, కామ్1 నుంచి 9, ఎల్‌పీటీ1 నుంచి 9 అన్న పేర్లు పరికరాలకు కేటాయించినవి, పక్కన ఎక్స్‌టెన్షన్ పెట్టినా వాటిని నమ్ముకోకూడదు. ఇంగ్లిషు పెద్ద, చిన్న అక్షరాల తేడాను విండోస్, మ్యాక్ మామూలుగా పట్టించుకోవు, లినక్స్ పట్టించుకుంటుంది.

రెండు చుక్కల సంగతి వేరు. లినక్స్‌లో "క/చ/.." అంటే ముందు చ లోకి వెళ్ళి, అక్కడి నుంచి పైకి. చ ఒక సింబాలిక్ లింక్ (ఇంకో చోటిని చూపే ఫైలు) అయితే వచ్చేది క కాదు, ఆ లింక్ చూపిన చోటికి పై ఫోల్డరు. విండోస్ ఆ పాత్‌ను స్ట్రింగుగానే కుదించి క అనుకుంటుంది. కాబట్టి ".." ను మీరే చేత్తో కొట్టేసే కోడు లినక్స్‌లో తప్పు ఫోల్డరుకు తీసుకెళ్తుంది. నిజమైన చోటు కావాలంటే రియల్‌పాత్‌ను పిలవండి. రెండో ఆర్గ్యుమెంటుగా నల్ ఇస్తే కావలసినంత మెమరీ అదే తీసుకుంటుంది, వాడాక ఫ్రీ చెయ్యడం మీ వంతు.

పాత్ పొడవు

లినక్స్‌లో పాత్ మ్యాక్స్ విలువ 4096, చివరి సున్నా బైటుతో కలిపి. విండోస్‌లో పాత హద్దు 260. \\?\ తో అయితే దాదాపు 32,767. గ్నూ హర్డ్ అన్న ఆపరేటింగ్ సిస్టమ్‌లో పాత్ మ్యాక్స్ అన్న మాక్రోనే ఉండదు, దాన్ని పట్టుకుని అర్రే ప్రకటిస్తే కంపైలే కాదు. ఆ 4096 కూడా ఒక్క సిస్టమ్ కాల్‌కు ఇచ్చే స్ట్రింగు మీద హద్దే గానీ ఫోల్డర్ల లోతు మీద హద్దు కాదు. పాత్‌లను కట్టేటప్పుడు పొడవు లెక్కగట్టి మాలక్ చేసుకోవడం మేలు.

ఫిక్స్‌డ్ బఫరే వాడాలంటే ఎస్ఎన్‌ప్రింట్‌ఎఫ్ తిరిగిచ్చిన విలువ తప్పనిసరిగా చూడాలి. అది సున్నా కంటే తక్కువైనా, బఫర్ సైజుకు సమానమైనా, దాటినా అక్కడే ఆగిపోవాలి. చూడకపోతే పాత్ మధ్యలో తెగి, తెగిన పాత్ కూడా చెల్లే పాత్ కావడం వల్ల వేరే ఫైలు తెరుచుకుంటుంది. చెరిపే కోడులో ఇది జరిగితే ఏమవుతుందో ఊహించుకోవచ్చు.

చూసి తెరవకండి, తెరిచి చూడండి

ఫైలు ఉందా అని యాక్సెస్‌తో అడిగి, లేకపోతే సృష్టించే కోడు ప్రతి ల్యాబులోనూ కనిపిస్తుంది. అడగడానికీ తెరవడానికీ మధ్య ఇంకో ప్రాసెస్ ఆ పేరుతో వేరేది పెట్టవచ్చు. రెండుసార్లు పేరు చెప్పాం గనక రెండుసార్లు వేర్వేరు జవాబులు రావచ్చు. కొత్తదే కావాలనుకుంటే కెర్నల్‌కే ఆ మాట చెప్పాలి:

ఓపెన్‌యాట్(ఊరిఫోల్డరు, పేరు, ఓ_రైట్‌ఓన్లీ | ఓ_క్రియేట్ | ఓ_ఎక్స్‌క్ల్ | ఓ_క్లోఎగ్జెక్, 0644)

అప్పటికే ఉంటే ఈఎగ్జిస్ట్ వస్తుంది, మధ్యలో సందు లేదు. ఓ_క్రియేట్ ఇచ్చి చివరి 0644 మరిచిపోతే కంపైలర్ తరచూ ఊరుకుంటుంది, ఫైలుకు మాత్రం స్టాక్ మీదో రిజిస్టరులోనో ఏముంటే ఆ అనుమతులు వస్తాయి. ఇది రోజుకో రకంగా ప్రవర్తించే బగ్, పట్టుకోవడం కష్టం.

ఓపెన్‌యాట్ పాజిక్స్ 2008లో చేరింది. మొదటి ఆర్గ్యుమెంటు ముందే తెరిచి పెట్టుకున్న డైరెక్టరీ డిస్క్రిప్టర్. ప్రోగ్రాము మొదలయ్యేటప్పుడు మైపాడు ఫోల్డరును ఒక్కసారి తెరిచి ఉంచుకుంటే, ఎవరైనా దాని పేరు మార్చినా లాగ్ అదే ఫోల్డరులోకి పోతుంది. పొడుగు పాత్‌లు కట్టే పని కూడా తప్పుతుంది. దీనికి బదులు చెయ్యబోయే ప్రతిసారీ సీహెచ్‌డిర్ చేస్తే, ప్రస్తుత ఫోల్డరు ప్రాసెస్ మొత్తానికి ఒకటే గనక ఇంకో థ్రెడ్ కాళ్ళ కింద నేల కదులుతుంది. తెరిచాక ఫైలా, డైరెక్టరీయా, సైజెంత అన్నవి ఎఫ్‌స్టాట్‌తో ఆ డిస్క్రిప్టర్‌నే అడగండి, పాత్‌ను కాదు. విండోస్ సీ లైబ్రరీలో ఓపెన్‌యాట్ లేదు. అక్కడ ఫోల్డరు పాత్‌ను ఒక్కసారి సంపూర్ణ రూపానికి మార్చి దాచుకుని, దానికి పేరు జతచేసే చిన్న ఫంక్షన్ రాసుకోవాలి.

సెట్టింగ్స్ ఫైలు మార్చేటప్పుడు కరెంటు పోతే సగం ఫైలు మిగులుతుంది. గట్ల మీద కరెంటు సంగతి తెలిసిందే. అందుకు పాటించే వరస ఇది: అదే ఫోల్డరులో తాత్కాలిక ఫైలు సృష్టించి మొత్తం రాయాలి, రాసింది డిస్క్‌కు చేరేలా ఎఫ్‌సింక్ చెయ్యాలి, క్లోజ్ ఫలితం చూడాలి, అసలు పేరు మీదకు రీనేమ్ చెయ్యాలి, చివర డైరెక్టరీ డిస్క్రిప్టర్ మీద కూడా ఎఫ్‌సింక్ చెయ్యాలి. తాత్కాలిక ఫైలు వేరే డిస్క్‌లో ఉంటే రీనేమ్‌కు ఈఎక్స్‌డెవ్ వస్తుంది. పాజిక్స్‌లో రీనేమ్ పాతదాన్ని ఒక్క దెబ్బలో భర్తీ చేస్తుంది. విండోస్ సీ లైబ్రరీ రీనేమ్ మాత్రం ఆ పేరుతో ఫైలు అప్పటికే ఉంటే ఒప్పుకోదు, మూవ్‌ఫైల్‌ఎక్స్‌ను రీప్లేస్ ఎగ్జిస్టింగ్ ఫ్లాగుతో పిలవాలి. ఇంకో ప్రోగ్రాము, ఎక్సెల్ అనుకోండి, ఆ ఫైలును తెరిచి ఉంటే అదీ విఫలమవుతుంది. కాస్త ఆగి మళ్ళీ ప్రయత్నించే ఏర్పాటు పెట్టండి. మ్యాక్‌లో ఎఫ్‌సింక్ డేటాను డ్రైవ్ దాకా పంపుతుంది గానీ డ్రైవ్ లోపలి క్యాష్‌ను ఖాళీ చేయించదు, అందుకు ఎఫ్‌కంట్రోల్‌తో ఎఫ్_ఫుల్‌ఎఫ్‌సింక్ అడగాలి.

ఇంత చేసినా కార్డు ఫ్యాట్ ఫార్మాట్‌లో ఉంటే ఫలితం అనుమానమే, ఫ్యాట్‌కు జర్నల్ (మార్పులను ముందుగా రాసుకునే చిట్టా) లేదు. బోర్డులోని కార్డుకు ఎక్స్‌టీ4 పెట్టి, ల్యాప్‌టాప్‌కు అందించే పెన్‌డ్రైవ్‌కు మాత్రం ఎక్స్‌ఫ్యాట్ వాడటం మంచిది. పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 అయితే ఒక్క ఫైలు 4 జీబీ చేరకూడదు, మార్పు సమయం 2 సెకన్ల మెట్లలో నమోదవుతుంది. సమయాలు సరిగ్గా సమానమా అని పోల్చే బ్యాకప్ కోడు అక్కడ మారని ఫైళ్ళను కూడా మళ్ళీ మళ్ళీ కాపీ చేస్తూనే ఉంటుంది.

డిస్క్రిప్టర్: చిన్న అంకె వెనక మూడు అంతస్తులు

ఓపెన్ ఇచ్చే అంకె ప్రాసెస్ సొంత పట్టికలో ఒక వరస నంబరు. ఆ వరస కెర్నల్‌లోని "తెరిచిన ఫైలు" రికార్డును చూపుతుంది. ఎక్కడిదాకా చదివాం, ఏ ఫ్లాగులతో తెరిచాం అన్నవి అక్కడుంటాయి. అది అసలు ఫైలును చూపుతుంది. డప్‌తో డిస్క్రిప్టర్ నకలు తీస్తే కొత్త అంకె, ఫోర్క్‌తో పిల్ల ప్రాసెస్ పుట్టిస్తే దాని పట్టికలో అదే అంకె వస్తుంది గానీ మధ్య రికార్డు ఒకటే. పిల్ల ప్రాసెస్ 100 బైట్లు చదివితే తల్లి ప్రాసెస్ చదివే చోటు కూడా 100 ముందుకు జరుగుతుంది. అలా వద్దనుకుంటే పాత్‌తో విడిగా ఇంకోసారి తెరవాలి, లేదా చోటును తానే చెప్పే పీరీడ్, పీరైట్ వాడాలి.

ఓపెన్ ఎప్పుడూ ఖాళీగా ఉన్న అతి చిన్న అంకెను ఇస్తుంది. 0 కూడా చెల్లే డిస్క్రిప్టరే కాబట్టి విఫలమైందా అన్నది -1తో పోల్చి చూడాలి, సున్నాతో కాదు. ఈ నియమం ఇంకో మెలిక కూడా తెస్తుంది. మీ ప్రోగ్రామును పిలిచిన స్క్రిప్టు 2వ డిస్క్రిప్టర్ మూసేసి పిలిచిందనుకోండి. మీరు తెరిచిన మొదటి లాగ్ ఫైలుకే 2 వస్తుంది. ఆ తర్వాత పీఎర్రర్ రాసిన ప్రతి హెచ్చరికా ఆక్సిజన్ అంకెల మధ్యలో దూరుతుంది, విండోస్‌లో ఆ ఫైలు తెరిచిన స్ప్రెడ్‌షీట్ గందరగోళం అవుతుంది. మెయిన్ మొదట్లోనే 0, 1, 2ల మీద ఎఫ్‌కంట్రోల్‌తో ఎఫ్_గెట్‌ఎఫ్‌డీ అడిగి, మూసి ఉన్న వాటిని దేవ్ నల్‌తో నింపండి. పది లైన్ల పని.

లీకులు నెమ్మదిగా చంపుతాయి. లినక్స్‌లో ఒక ప్రాసెస్‌కు మామూలు మెత్తని హద్దు 1024 డిస్క్రిప్టర్లు. ఐదు నిమిషాలకోసారి ఒక్కటి మూయడం మరిచినా రోజుకు 288, నాలుగో రోజుకల్లా ఈఎమ్‌ఫైల్, అంటే ఇక తెరవలేనన్న ఎర్రర్. సాధారణంగా మరిచేది మధ్యలో ఎర్రర్ వచ్చి రిటర్న్ అయ్యే దారిలో. ఫంక్షన్ చివర ఒకే శుభ్రపరిచే చోటు పెట్టి, గోటూతో అక్కడికే పోవడం సీలో గౌరవమైన పద్ధతి. వేరియబుల్‌ను -1తో మొదలుపెట్టి, మూసిన వెంటనే మళ్ళీ -1 చెయ్యండి. లినక్స్‌లో ప్రాక్ సెల్ఫ్ ఎఫ్‌డీ ఫోల్డరు చూస్తే ఏవి తెరిచి ఉన్నాయో కళ్ళెదుట కనిపిస్తుంది. వాల్‌గ్రైండ్‌కు ట్రాక్ ఎఫ్‌డీస్ ఆప్షన్ ఇస్తే ఎక్కడ తెరిచారో కూడా చెబుతుంది.

ఇంకో రకం లీకు పిల్ల ప్రాసెస్‌లోకి. ఎస్ఎంఎస్ పంపడానికి వేరే ప్రోగ్రామును ఎగ్జెక్ చేస్తే, మీరు తెరిచినవన్నీ దానికి వారసత్వంగా పోతాయి. అది నడిచినంతసేపూ కార్డును అన్‌మౌంట్ చెయ్యలేరు. తెరిచేటప్పుడే ఓ_క్లోఎగ్జెక్ పెట్టాలి. తెరిచాక విడిగా పెడితే, ఆ మధ్యలో ఇంకో థ్రెడ్ ఫోర్క్ చేసే సందు మిగులుతుంది. ఆ ఫ్లాగు లినక్స్ 2.6.23లో, పాజిక్స్ 2008లో వచ్చింది. డప్3, పైప్2, యాక్సెప్ట్4 లాంటివి లినక్స్‌లో ఎప్పటినుంచో ఉన్నా పాజిక్స్‌లోకి 2024లోనే వచ్చాయి. కాబట్టి మ్యాక్ లాంటి చోట్ల ఉన్నాయో లేవో బిల్డ్ సమయంలో తేల్చుకోవాలి. విండోస్‌లో దీనికి సాటి _ఓ_నోఇన్‌హెరిట్.

క్లోజ్ గురించి ఒక మొండి అపోహ ఉంది: మధ్యలో సిగ్నల్ అడ్డొచ్చిందన్న ఈఇంటర్ ఎర్రర్ వస్తే మళ్ళీ పిలవాలని. రీడ్, రైట్‌లకు అది నిజం. లినక్స్‌లో క్లోజ్ మాత్రం ఈఇంటర్ ఇచ్చినా డిస్క్రిప్టర్ అప్పటికే వదిలేసి ఉంటుంది. మళ్ళీ పిలిస్తే, ఆ లోపు ఇంకో థ్రెడ్‌కు అదే అంకెతో దొరికిన ఫైలును మీరు మూసేస్తారు. హెచ్‌పీ వారి యూనిక్స్ అయిన హెచ్‌పీ-యూఎక్స్‌లో తీరు దీనికి పూర్తిగా వ్యతిరేకం. ఆచరణలో లినక్స్, మ్యాక్‌ల మీద మళ్ళీ పిలవకపోవడమే క్షేమం. అలాగని ఫలితాన్ని చూడకుండా వదలకూడదు. నెట్‌వర్క్ డిస్క్‌ల మీద చోటు చాలలేదన్న కబురు క్లోజ్ దగ్గరే అందవచ్చు.

తాళాల విషయం నిజంగా బాధాకరం. ఎఫ్‌కంట్రోల్‌తో వేసే పాజిక్స్ తాళం డిస్క్రిప్టర్‌ది కాదు, ప్రాసెస్‌ది. మూడో గుంట ఫైలుకు తాళం వేసి రాస్తున్నారు. మధ్యలో సైజు చూద్దామని మీ ప్రోగ్రాములోని ఏదో లైబ్రరీ అదే ఫైలును విడిగా తెరిచి, చూసి, మూసింది. అంతే, మీ తాళం ఊడిపోయింది, ఎర్రర్ లేదు, కబురు లేదు. లినక్స్ 3.15 నుంచి తెరిచిన రికార్డుకు అంటుకునే ఓఎఫ్‌డీ తాళాలు ఉన్నాయి, పాజిక్స్ 2024 వాటిని చేర్చుకుంది. అవి లేని చోట, లాక్ చేసే ఫైలును డేటా ఫైలుకు వేరుగా పెట్టి, దాన్ని ఎవ్వరూ తెరవకుండా చూడటం మంచి ఉపాయం. విండోస్ లాక్‌ఫైల్‌ఎక్స్ తాళం సలహా కాదు, నిజంగానే ఇతరుల రీడ్, రైట్‌లను ఆపుతుంది.

విండోస్‌లో డిస్క్రిప్టర్ అనేది కెర్నల్ వస్తువు కాదు, సీ లైబ్రరీ హ్యాండిల్ మీద కట్టిన పట్టిక. హ్యాండిల్ కావాలంటే _గెట్_ఓఎస్‌ఎఫ్‌హ్యాండిల్ ఉంది. నెట్‌వర్క్ సంబంధానికి వాడే సాకెట్ అసలు ఆ పట్టికలోకే రాదు: దాన్ని రీడ్‌తో చదవలేరు, క్లోజ్‌సాకెట్‌తోనే మూయాలి, ఇంట్‌లో దాచకూడదు. ఏది చదవడానికి సిద్ధంగా ఉందో చెప్పే సెలెక్ట్‌కు అక్కడ సాకెట్లే ఇవ్వాలి. లినక్స్‌లో సెలెక్ట్‌తో ముప్పు వేరు: డిస్క్రిప్టర్ అంకె 1024 లేదా అంతకు మించితే ఎఫ్‌డీ_సెట్ అర్రే బయట రాసేస్తుంది. పోల్ వాడితే ఆ బాధ లేదు.

మోడ్, సైజు

విండోస్‌లో ఓపెన్ మామూలుగా టెక్స్ట్ మోడ్. కొత్త వరస బైటును రెండు బైట్లుగా మార్చి రాస్తుంది, చదివేటప్పుడు 26వ నంబరు బైటు కనిపిస్తే ఫైలు అయిపోయిందంటుంది. సెన్సర్ రీడింగులను బైనరీగా దాచినప్పుడు ఏదో ఒక విలువలో 26 రాక మానదు, ఫైలు అక్కడితో తెగుతుంది. ఎఫ్‌ఓపెన్‌లో "బీ" అక్షరం అన్ని చోట్లా చెల్లుతుంది, ఓపెన్‌కు ఓ_బైనరీ ఇవ్వండి. అది లేని సిస్టమ్‌లలో దాన్ని 0గా డిఫైన్ చేసుకోండి.

32 బిట్ బోర్డు మీద ఫైల్ ఆఫ్‌సెట్ బిట్స్ మాక్రోను 64గా కంపైలర్ కమాండులోనే ఇవ్వాలి, ఏ ఒక్క ఫైలులో మరిచినా స్ట్రక్చర్ల సైజులు కలవవు. ఇవ్వకపోతే 2 జీబీ దాటిన ఫైలు ఈఓవర్‌ఫ్లో అంటూ తెరుచుకోదు. గ్లిబ్‌సీ 2.34 నుంచి టైమ్ బిట్స్ కూడా 64 ఇవ్వవచ్చు, 2038 జనవరి దాటి నడవాల్సిన బోర్డుకు అది అవసరం. విండోస్‌లో లాంగ్ ఎప్పుడూ 32 బిట్లే గనక ఎఫ్‌టెల్ బదులు _ఎఫ్‌టెల్ఐ64 వాడాలి. రైట్ అడిగినన్ని బైట్లు రాయకపోవచ్చు, ఎంత రాసిందో చూసి మిగతాది లూప్‌లో రాయండి.

ఈ తేడాలన్నీ ప్రోగ్రాము అంతటా చల్లితే ఎవరూ చదవలేరు. పాత్, డిస్క్రిప్టర్ పనులకు ఒక్క హెడర్, సిస్టమ్‌కో సీ ఫైలు పెట్టుకోండి. తెరవడం, మొత్తం రాయడం, భద్రంగా మార్చడం, మూయడం అన్న నాలుగైదు ఫంక్షన్లు చాలు. ఎర్రర్ నంబరు ఉండే ఎర్నోను విఫలమైన వెంటనే దాచుకునే పని కూడా వాటిలోనే ఉండాలి, మధ్యలో ప్రింట్‌ఎఫ్ పిలిస్తే ఆ విలువ మారిపోవచ్చు.

పరీక్షించడానికి పెద్ద ఏర్పాట్లు అక్కర్లేదు. "మైపాడు గుంట" అని ఖాళీతో సహా తెలుగు పేరున్న ఫోల్డరులో అన్ని టెస్టులూ నడపండి. షెల్‌లో యూలిమిట్‌తో డిస్క్రిప్టర్ల హద్దు 16కు దించి ఒక గంట నడిపితే లీకు దానంతటదే బయటపడుతుంది. 2వ డిస్క్రిప్టర్ మూసి ఒకసారి పిలవండి. లినక్స్‌లో దేవ్ ఫుల్ అన్న పరికరం రాసిన ప్రతిసారీ చోటు లేదంటుంది. లాగ్‌ను అందులోకి మళ్ళించి ప్రోగ్రాము ఏ ఎగ్జిట్ కోడుతో ముగిసిందో చూడండి. ఎఫ్‌ప్రింట్‌ఎఫ్ బఫర్‌లో రాసి అంతా బాగుందంటుంది, అసలు ఎర్రర్ ఎఫ్‌ఫ్లష్ దగ్గరో ఎఫ్‌క్లోజ్ దగ్గరో వస్తుంది. అప్పుడు కూడా ఎగ్జిట్ కోడు 0 వచ్చిందంటే, కార్డు నిండిన రోజున ఆ బోర్డు ఏమీ రాయకుండానే రాశానని చెబుతుంది.